ఏడు వారాలు ఇంకొకరి పత్యం

ఏడు వారాల పాటు నేను ఇంకొక మనిషి పత్యం తిన్నాను. నా పత్యం ఆ మనిషి తిన్నాడు. ఆసుపత్రి కౌంటరులో రెండు కాగితాలు చేతులు మారాయి, చూడవలసినవాళ్లు చూడలేదు. ఆ సంగతి ఒప్పుకోమని ఆ ఆసుపత్రికి నేను మూడు ఉత్తరాలు రాశాను. నాలుగో ఉత్తరం వేరే పని మీద రాశాను, అది తరువాత చెబుతాను.

ఇప్పుడు కోలుకున్నాను. లేచి నిలబడితే నేల కదలడం లేదు. ఇంటికి తెచ్చుకున్న కాగితం మీద పేరు ఒక్కటే చూసి ఊరుకోకండి, వయసు చూడండి, నెంబరు చూడండి అని చెప్పడానికి ఇది రాస్తున్నాను. నా గుండెదడ తగ్గడానికి కూడా.

నా పేరు మునిరత్నం. వయసు డెబ్బై నాలుగు. ఈ తమిళ ఊళ్లో, మాధవరంలో పాలకాలనీకి దగ్గరగా ఉంటాం. నలభై ఏళ్లు పాత ఊళ్లో పప్పుల మండీలో గుమాస్తాగా చేశాను. చదువు అయిదో తరగతితో ఆగింది. తరువాతదంతా పొట్లాలు కట్టే పాత పేపర్లలోనూ, అట్ట ఊడిన ఒక నిఘంటువులోనూ నేర్చుకున్నాను. ఉత్తరం రాయడమంటే నాకు బెరుకు లేదు. ఒకప్పుడు రేషన్ కార్డులో నన్ను స్త్రీ అని వేశారు. మళ్లీ మగవాణ్ణి కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అప్పుడు నేను నిలబడిన ప్రతి కిటికీ, ఆ కిటికీ వెనక ముఖం, ఆ ముఖం చెప్పిన సాకు నాకు ఇప్పటికీ గుర్తు.

వానలు వెలిసిన నెల

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. తగ్గింది. ఇంటికి పంపే రోజున మా ఇంటావిడ సుగుణమ్మ కౌంటరు దగ్గర కాగితాలు తీసుకుంది. అందులో ఒక పత్యం చీటీ ఉంది. ఉప్పు వద్దు. చింతపండు, టమాటా, ఆకుకూర, అరటిపండు, కొబ్బరినీళ్లు వద్దు. పప్పు బాగా తగ్గించాలి. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. తాగే నీళ్లు రోజుకు లీటరు దాటకూడదు.

చీటీ పైన మునిరత్నం అని ఉంది. కిందనే వయసు యాభై ఎనిమిది అని ఉంది. మేము పేరు చూసుకున్నాం. అంతే.

మొదటి వారం నాలుకకు మాత్రమే కష్టం. మూడో వారానికి ఆకలే పోయింది. అయిదో వారంలో మాటలు జారిపోవడం మొదలైంది. గరిటె కావాలి, గరిటె అనే మాట రాదు. చేత్తో గాలిలో తిప్పి చూపించాను. మండీలో కళ్లు మూసుకొని రెండు గింజలు వేళ్లతో నలిపి అది ఏ ఊరి కందిపప్పో చెప్పినవాణ్ణి. అలాంటివాణ్ణి మా వంటింట్లో డబ్బా మూత తీసి, లోపల ఉన్నది ఏ పప్పో తెలియక నిలబడిపోయాను. భయం వేసింది. భయం వేసినకొద్దీ పత్యం ఇంకా గట్టిగా పట్టాను. సుగుణ ఒకరోజు చిటికెడు ఉప్పు వేయబోతే చెయ్యి పట్టుకొని ఆపాను. "చంపుతావా నన్ను?" అన్నాను. ఆ మాట నేను అన్నదే. దాచను.

ఏడో వారం స్నానాలగదిలో పడ్డాను. మా అమ్మాయి హేమ షోళింగనల్లూరులో ఆఫీసు నుంచి అలాగే పరుగెత్తుకొని వస్తే, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగానట. నాకు గుర్తు లేదు. దానికి గుర్తుంది. ఇప్పటికీ ఆ మాట వచ్చినప్పుడల్లా ముఖం తిప్పుకుంటుంది.

ఈసారి వేరే ఆసుపత్రికి తీసుకుపోయారు. నాలుగు గంటలు వరండాలో ఉన్నాం. నాకు బెంచీ మీద చోటు లేకపోతే కాపలాదారు తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, తాను గోడకు ఆనుకొని నిలబడ్డాడు. తరువాత రెండు రోజులు సెలైను ఎక్కించారు. మూడో రోజు ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"తాతా, ఒంట్లో ఉప్పు పడిపోయి ఇలా అయింది. ఉప్పు మానెయ్యమని ఎవరు చెప్పారు?"

"మీ డాక్టర్లే" అన్నాను. హేమ చీటీ తీసి ఇచ్చింది. ఆమె చీటీ చూసింది. నన్ను చూసింది. మళ్లీ చీటీ చూసింది.

"మీకు యాభై ఎనిమిదా?"

"డెబ్బై నాలుగు" అంది హేమ.

"ఇది మీది కాదు తాతా. కిడ్నీలు చెడిన మనిషిది. మీకు ఏ పత్యమూ అక్కర్లేదు. అన్నీ బాగా తినమని, పళ్లు తినమని, కొబ్బరినీళ్లు తాగమని రాసి ఉంటారు మీ చీటీలో."

"ఆ చీటీ ఎవరి దగ్గర ఉంది?" అన్నాను.

ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది. "ఆయన దగ్గరే ఉండచ్చు" అంది.

"ఆయన అవన్నీ తింటే ఏమవుతుంది?"

"గుండె ఆగచ్చు" అంది, మెల్లగా.

నా జబ్బు ఆ క్షణంలో నాకు చిన్నదైపోయింది. ఈ ఊళ్లో ఎక్కడో ఇంకొక మునిరత్నం, నా పేరు మీద రాసిన అరటిపండు తింటూ ఉన్నాడు. లేదా తిని పోయాడు.

బిల్లు వచ్చేదాకా హాలులో కూర్చున్నప్పుడు పక్కన ఒక తమిళావిడ టిఫిను డబ్బా విప్పింది. నేను అటు చూడకుండా ఉండలేకపోయాను కాబోలు. ఏమీ అడగకుండా నా అరచేతిలో నిమ్మకాయ అన్నం ఒక ముద్ద పెట్టింది. ఉప్పు తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కారమా అయ్యా?" అని ఆమె కంగారుపడింది. కాదమ్మా అని తల ఊపాను.

ఉత్తరాలు

మొదటి ఉత్తరంలో జరిగింది రాశాను. ఆ రెండో మనిషికి వెంటనే ఫోను చేయమని గీత గీసి మరీ రాశాను. రెండు వారాలకు జవాబు వచ్చింది. "మీ సహాయకులు పేరును మౌఖికంగా ధృవీకరించిన తరువాతే కాగితాలు అందజేయబడ్డాయి." అంతే. ఆ మనిషి గురించి ఒక్క ముక్క లేదు.

నేను కాగితం పట్టుకొని వంటింట్లోకి వెళ్లి సుగుణ మీద అరిచాను. "ఏం ధృవీకరించావు నువ్వు? ఏం చెప్పావు ఆడ?" ఆ తరువాత రెండు రోజులు కంచం పెట్టి పక్కగదిలోకి వెళ్లిపోయేది.

రెండో ఉత్తరానికి, ఇతర రోగుల వివరాలు వెల్లడించలేమని జవాబు. నేను వివరాలు అడిగానా? బతికి ఉన్నాడా అని అడిగాను. మూడోదానికి జవాబే లేదు. నేరుగా పోయి కూర్చున్నాను. ఎయిర్ కండిషను గదిలో ఒక టై కట్టినాయన, "సార్, మీరిప్పుడు బాగున్నారు గదా?" అన్నాడు. నా కోపం సంగతి ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ వస్తుంది.

నాలుగో ఉత్తరం ఆసుపత్రికి కాదు. ఆ మునిరత్నానికి రాసి, కవరులో పెట్టి, చేర్చమని ఇచ్చాను. అయ్యా, మీ పత్యం నేను తిన్నాను, నా పత్యం మీకు వచ్చింది, దానివల్ల మీకు ఏమైందో తెలియక నాకు మనశ్శాంతి లేదు, మా ఇంటావిడ ఏడుస్తోంది. వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం మీరూ మీ ఇంటివాళ్లూ మా ఇంటికి భోజనానికి రండి. మీరు తినగలిగిందే వండుతాను. అడ్రసు రాశాను. నాకు ఫోనులో మాట సరిగ్గా వినపడదు కాబట్టి హేమ నెంబరు ఇచ్చాను.

ఆసుపత్రి నుంచి ఒక వాక్యం వచ్చింది. "మీ లేఖను సంబంధిత వ్యక్తికి చేరవేశాము." వ్యక్తికి అన్నారు, కుటుంబానికి అనలేదు. ఆ ఒక్క మాట పట్టుకొని నేను వంట మొదలుపెట్టాను.

బుధవారం

పొద్దున్నే బియ్యప్పిండి ఉడికించి, జీలకర్ర, మిరియాలపొడి వేసి, ఉప్పు వేయకుండా మేడ మీద వడియాలు పెట్టాం. ఆదివారానికి ఎండాలంటే నాలుగు ఎండలు కావాలి. ఉప్పు లేని వడియం నా జన్మలో పెట్టలేదు. అవి చూడటానికి మామూలు వాటిలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం చీటీ పట్టుకొని ఆ రెండో ఆసుపత్రికి పోయి పత్యాలు చెప్పే అమ్మాయి దగ్గర టోకెన్ తీసుకున్నాను. నా వంతు యాభై ఒకటి. ఆ అమ్మాయి విసుక్కోకుండా నా పట్టిక అంతా చదివింది. సొరకాయ సరే. క్యాబేజీ సరే. రసం చింతపండుతో కాదు, మిరియాలూ జీలకర్రతో కాచి, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం, అది కూడా చిన్న గ్లాసుడు మాత్రమే. తీపికి రవ్వకేసరి పంచదారతో చేయవచ్చు, జీడిపప్పు, ద్రాక్ష లేకుండా.

"ఉప్పుకు బదులు ఉప్పు అని డబ్బాల్లో అమ్ముతారు తాతా, అది మాత్రం ఆయనకు పెట్టనే పెట్టొద్దు. మామూలు ఉప్పు కంటే ప్రమాదం." తరువాత వేలు చూపించింది. "మీరు మాత్రం ఉప్పు మానకూడదు. ఒక్క పూట కూడా."

సరేనన్నాను. కానీ మనసులో వేరే సంగతి ఉంది.

గురువారం

సొరకాయ కూర ఒకసారి చేసి చూద్దామని కూర్చున్నాం. ముక్కలు తరిగి, వేడినీళ్లలో నానబెట్టి, వంచి, మళ్లీ ఉడికించి, మళ్లీ వంచాలి. ఆ వంచిన నీళ్ల ఆవిరి ముఖానికి తగలగానే గిన్నె కింద పెట్టేశాను. ఏడు వారాలు ఆ వాసన మధ్యే ఉన్నాను. గడప మీద కూర్చుండిపోయాను. సుగుణ గ్లాసుడు మజ్జిగ తెచ్చింది, ఉప్పు వేసి. తాగేదాకా నిలబడింది. తాగాక కత్తిపీట ముందు కూర్చొని, తల ఎత్తకుండా మాట్లాడింది.

"ఆడ ఏం జరిగిందో చెప్తా. మధ్యలో అరవద్దు."

"చెప్పు."

"కౌంటరు ముందర కూచోనుంటి. పక్కన ఒకామె. ఊదారంగు చీర. మనోళ్లే, తెలుగే. వాళ్లది తిరువొత్తియూరంట. ఇంటాయనకు కిడ్నీ అంట. మాటల్లో పడినాం. అంతలో కౌంటర్లో పిల్ల పేరు పిలిచింది. ఇద్దరమూ లేచినాం. మీ ఇంటాయన పేరూ అదేనా అక్కా అనింది ఆమె. అదే అంటి. పేషంటు పేరు మీ నోటితో చెప్పండి అనింది ఆ పిల్ల. నువ్వు పిలిచిందే అంటి. ఆమె కూడా, నువ్వు పిలిచిందేనమ్మా అనింది. ఇద్దరికీ నవ్వు ఆగలే. ఇనిషియలు అనింది. అదీ ఒకటే. ఇంకా నవ్వినాం. ఆ పిల్లకు కూడా నవ్వొచ్చి, నాకొకటి ఆమెకొకటి ఇచ్చేసింది."

ముక్కలు తరుగుతూనే ఉంది.

"నవ్వినారా?" అన్నాను.

"నవ్వినాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు కూడు దిగడంలే నాకు. ఆమెకు ఏమైందో. ఆమె ఇంటాయనకు ఏమైందో."

పెళ్లయి యాభై ఒక్క ఏళ్లు. సుగుణ నా పేరు పలకగా నేను వినలేదు. వాళ్లమ్మ పలకలేదు, మా అమ్మా పలకలేదు. బ్యాంకులోనైతే కాగితం మీద వేలు పెట్టి చూపిస్తుంది. ఈ ఆచారం మంచిదని నేను వాదించడం లేదు. కానీ ఇలాంటి ఆడవాళ్లు ఈ ఊళ్లో ఇంకా వేలమంది ఉన్నారు. వాళ్లు రోజూ ఆ కౌంటరు ముందుకే వస్తారు. చీటీ మీద నెంబరు ఉంది, వయసు ఉంది. చూడవలసిన కళ్లు కౌంటరుకు లోపల ఉన్నాయి. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను.

అయినా నేను అరిచింది తప్పు. అది చెప్పడానికి నోరు రాలేదు. కత్తిపీట నా ముందుకు లాక్కొని మిగతా సొరకాయ నేనే తరిగాను.

శుక్రవారం

హేమ రాత్రి భోజనానికి ముందే వచ్చింది. వంటింట్లో పట్టిక గోడకు అంటించి ఉండటం చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నాయనా, వాళ్లు రాకపోతే?"

"వచ్చి ఆకలితో పోతేనో?"

"ఐయో! ఫోనే రాలే గదా. జవాబు లేకుండా ఎవరైనా నాలుగు దినాలు వండుతారా?"

"నేను వండుతాండా గదా, చూడు."

"విట్టుడు నాయనా, వదిలెయ్. ఆయన అసలు ఉండాడో లేదో..." అని నాలుక కరుచుకుంది. పొయ్యి దగ్గర సుగుణ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇన్ని వారాలుగా ముగ్గురమూ మనసులో అనుకుంటున్నదే అది. పైకి అన్నది హేమ, అంతే.

తరువాత అది మాట మార్చింది. "సరి, వస్తారనే అనుకుందాం. ఆయనకు ఒక గిన్నె, మనకు ఒక గిన్నె. రెండు విధాలు చేస్తే పోలా?"

"పంక్తిభేదమా? నా ఇంట్లోనా?" అన్నాను.

మా ఇళ్లలో ఒక వరసలో కూర్చున్నవాళ్లకు ఒకటే వడ్డిస్తారు. యజమానికైనా, బస్తాలు మోసేవాడికైనా. మండీలో ఆయుధపూజ భోజనాల్లో ఒకసారి ఒకరికి నెయ్యి వేసి పక్కవాళ్లకు వేయనందుకు మా యజమాని పెద్దాయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. పిలిచి తీసుకొచ్చిన మనిషి చప్పిడి తింటుంటే, పక్కన కూర్చొని నేను ఊరగాయ నాకేదా? నేనూ ఆయనతో పాటే తింటాను. బుధవారం నుంచీ నా మనసులో ఉన్నది ఇదే, పైకీ అనేశాను.

సుగుణ గరిటె కింద పెట్టింది. "మళ్లా చప్పిడి తిని మళ్లా పడిపోతే, ఆ డాక్టరు బిడ్డకు ఏమని చెప్పేది? పంక్తి అని చెప్పేదా?"

"ఒక్క పూటకు ఏమీ కాదు."

"ఒక్క పూట కూడా వద్దనిందంట గదా. నువ్వే చెప్తివి" అంది హేమ.

ఆ మాట నేను చెప్పిందే. కానీ ఒప్పుకోలేదు. ఆ పూట నాకు సుగుణ కావాలనే రెండు రకాల ఊరగాయ వేసింది.

శనివారం

మబ్బు పట్టింది. వడియాలు ముప్పాతిక ఎండాయి. మూడుసార్లు మేడ ఎక్కి దిగాను. మూడోసారి కళ్లు తిరిగితే గోడ పట్టుకొని నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం నాలుగు వడియాలు వేయించి చూశాం. నాలుక మీద ఏమీ లేదు. పంటి కింద చప్పుడు మాత్రం బాగుంది.

"చప్పుడుకే తింటాడులే" అంది సుగుణ. ఆ వారంలో ఆమె నవ్వింది అదొక్కసారే.

హేమ ఫోను టేబులు మీద పెట్టి ఉంచాం. అది మోగినప్పుడల్లా ముగ్గురమూ తల తిప్పేవాళ్లం. ఒకసారి గ్యాసు వాళ్లు. ఒకసారి దాని ఆఫీసు. ఒకసారి ఎవరో లోను ఇస్తామన్నారు. నేను ఫోను లాక్కొని వాడికి బుద్ధి చెప్పాను.

ఆయన బతికి లేకపోతే ఆదివారం గడప దగ్గరికి ఎవరు వస్తారు? ఊదారంగు చీర కట్టిన ఆవిడ ఒంటరిగా వస్తుందా? వస్తే నేను ఏం వడ్డించాలి? ఇదే ఆలోచన. గుండె దడదడ కొట్టుకుంటే, అది జబ్బో భయమో నాకే తెలియలేదు.

ఆదివారం

పొద్దున క్యాబేజీ వంచి పెట్టాను. రసానికి మిరియాలు నూరాను. రవ్వ వేయించడం సుగుణ పని; నన్ను దగ్గరికి రానివ్వలేదు. తిన్నెలు కడిగాం, చాప పరిచాం, అయిదు అరటాకులు తుడిచి పెట్టాం. మధ్యాహ్నం అయింది. ఏమీ లేదు. సుగుణ పంచదార డబ్బా తెరిచి, మళ్లీ మూసింది.

రెండు దాటాక హేమ ఫోను చిన్నగా గంట కొట్టింది. తెలియని నెంబరు. మాట రికార్డు చేసి పంపారు. హేమ నా వైపు చూసింది. నేను పొయ్యి ఆర్పమన్నాను. సుగుణ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు పట్టుకొని నిలబడింది. హేమ ఫోను నా చెవి దగ్గర పెట్టి, శబ్దం పెంచింది. మొదట బరువుగా ఊపిరి. తరువాత మగగొంతు:

"పెద్దన్నా, నేను మునిరత్నం మాట్లాడేది, తిరువొత్తియూరు నుంచి. మీ జాబు నిన్ననే ఇచ్చినారు ఆస్పత్రోళ్లు. నాకు తెలుగు చదవను రాదు, పక్కింటాయన చదివి చెప్పినాడు. మీ చీటీ నాకాడ పదకొండు దినాలు ఉండె అన్నా. అరటిపండు, కొబ్బరి ఎళనీరు, పప్పు, అంతా తిన్నా. దాచేదేముంది, సంతోషంగానే తిన్నా. పన్నెండో దినం ఊపిరాడలే. పెద్దాస్పత్రిలో వేసినారు. ఇప్పుడు వారానికి రెండు తూర్లు రక్తం కడిగే మిషను మీద పండుకుంటాండా. ఎట్లాగూ ఒక ఏడాదికి వచ్చేదే, ముందే వచ్చిందన్నాడు డాక్టరు. మీ ఇంట్లోదీ ఏడస్తాండాదని రాసినారంట. మా ఇంట్లోదీ అంతే. ఇద్దరినీ కూచోబెట్టి చెప్పాల, తప్పు వాళ్లది కాదని. సాయంత్రం వస్తాం. నాకని చేసింది నేను తింటా. అయితే ఒకటి, నాతో కూడా మీరు చప్పిడి తినొద్దు. మీ జాబు విన్నప్పుడే అనుకున్నా, ఈయన అట్లాంటి పని చేసే మనిషేనని. ఏడు వారాలు నా కూడు మీరు తినేసినారు, చాలు. మీది మీరు ఉప్పేసుకోని, ఊరగాయ పెట్టుకోని, నా ఎదురుగానే కూచోని తినండి. నేను చూస్తా."